పాడైందా, పాడు చేశారా?

స్కూటరు పాడైపోతుంది. టీవీ పాడైపోతుంది. బోరు మోటారు కాలిపోతుంది. వంటింట్లో వస్తువు మాత్రం దానంతటది పాడవదు, ఎవరో ఒకరు ‘పాడు చేస్తారు’. మిక్సీ ఆగిపోతే ‘ఏం వేసి తిప్పావు?’ అని అడుగుతారు. గ్రైండరు బెల్టు తెగితే ‘ఒక్కసారే అంత పప్పు ఎందుకు పోశావు?’ అంటారు. ఈ ప్రశ్నలు ఎవరిని ఉద్దేశించి అడుగుతారో మనకి వేరే చెప్పనక్కర్లేదు. ఇది కేవలం మాటల తేడా అయితే నేను ఇంత రాయక్కర్లేదు. దీని వెనక డబ్బుంది. కొన్ని ఇళ్లలో జీతంలో కోత కూడా ఉంది.

ఈసారి నేను మైక్రోవేవ్ ఓవెన్ గురించి, అందులో తరచుగా మొరాయించే సెన్సర్ల గురించి రాస్తున్నాను. ‘మన పత్రికలో ఇదేం విషయం? నీళ్లు లేని బస్తీలుండగా మధ్యతరగతి ఇళ్లలోని డబ్బా గురించా?’ అని కొందరు మిత్రులు అనొచ్చు. ఆ డబ్బా ముందు రోజూ నిలబడేదెవరో ఒక్కసారి చూడండి. కొనేది ఒకరు, తినేది నలుగురు. మీటలు నొక్కేది ఆ ఇంటి స్త్రీ, లేదంటే ఆ ఇంటికి జీతానికి వచ్చే మరో స్త్రీ. ఆగిపోయిన రోజున సంజాయిషీ చెప్పుకోవాల్సింది కూడా ఆమే.

మేం పనిచేసే బస్తీలో ఇంటిపని కార్మికుల సంఘం నెలవారీ సమావేశంలో ఒకామె తన సంగతి చెప్పింది. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్లుగా రెండు పూటలా పనిచేస్తోంది. ఆ ఇంట్లో కన్వెక్షన్ రకం మైక్రోవేవ్ ఉంది. పిల్లవాడి పుట్టినరోజుకి కేకు చేద్దామని ఓవెన్ వేడి చేయమన్నారు. ఆమె మీట నొక్కింది. రెండు నిమిషాలకి కూతపెట్టి, ఒక అక్షరం, ఒక అంకె చూపించి ఆగిపోయింది. మర్నాడు వచ్చిన మెకానిక్ ‘సెన్సర్ పోయింది, బోర్డు మార్చాలి’ అని 4,800 రూపాయలకి ఎస్టిమేటు రాసిచ్చాడు. ఆ నెల నుంచి ఆమె జీతంలో 500 చొప్పున పట్టుకోవడం మొదలైంది.

“తడిచేత్తో నొక్కిన్నంట అక్కా. వంటింట్ల పొడి చెయ్యి ఎప్పుడుంటది?” అందామె.

ఆ ప్రశ్నకి సమావేశంలో అందరూ నవ్వారు. తర్వాత నలుగురైదుగురు తమ కథలు మొదలుపెట్టారు. వాషింగ్ మెషిన్ మూత విరిగిందని ఒకరికి, ఫ్రిజ్‌లో గాజు పలక పగిలిందని మరొకరికి, ఇస్త్రీపెట్టె కాలిపోయిందని ఇంకొకరికి కోత పడింది. ఏ ఒక్క ఇంట్లోనూ ‘అసలు ఏ భాగం పోయింది, ఎందుకు పోయింది’ అన్న ప్రశ్న రాలేదు. ‘ఎవరు చేశారు’ అన్నది ఒక్కటే తేలిపోయింది, అదీ అడగకుండానే.

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ చదివి, సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్న ఒకమ్మాయి మాకు తెలుసు. అలాంటి ఓవెన్లు రెండు మూడు విప్పి చూసిన అనుభవం ఉంది. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాం. ఇంటావిడ చెడ్డ మనిషేం కాదు. ఆమెకి కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే. మెకానిక్ ఆమెతో మాట్లాడనే లేదట, ‘సార్ ఉన్నారా మేడం?’ అని అడిగి, ఫోనులో ఆయనతోనే మాట్లాడాడట. సార్ ఓవెన్ వాడరు. అది ఏ మీటతో మొదలవుతుందో కూడా ఆయనకి తెలియదని ఆవిడే నవ్వుతూ చెప్పింది.

ఆ అమ్మాయి చేసిన పని వివరంగా రాస్తాను. ఎందుకంటే మనకి తెలియకుండా ఉంచేది సరిగ్గా ఈ వివరాన్నే.

కన్వెక్షన్ ఓవెన్ గోడకి థర్మిస్టర్ అనే చిన్న భాగం బిగించి ఉంటుంది. ఒక సన్నటి లోహపు గొట్టం, లోపల పెసరగింజంత పూస, దానికి రెండు తీగలు. అంతే. ఆ పూసలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పోతుందన్నది వేడిని బట్టి మారుతుంది. చల్లగా ఉన్నప్పుడు అడ్డు ఎక్కువ, వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గుతుంది. ఆ అడ్డుని ఓమ్‌లలో కొలుస్తారు. గది వేడిలో అది ఎంత ఉండాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, కొన్నింటిలో పదుల కిలో ఓమ్‌లు, కొన్నింటిలో వందలు. బోర్డు ఈ అంకెని చూసే ‘లోపల ఇంత వేడి ఉంది’ అని తెలుసుకుంటుంది.

ఇప్పుడు ఆ తీగ ఎక్కడో తెగిందనుకోండి. అడ్డు అంతులేనంత అవుతుంది. బోర్డుకి అది ‘లోపల విపరీతమైన చలి’ అన్నట్టు కనిపిస్తుంది. ఆ మాట నమ్మి వేడి చేసుకుంటూ పోతే ఇల్లు తగలబడుతుంది. అందుకే బోర్డులో ముందే రాసి ఉంచుతారు, అంకె ఇలా అసంభవంగా ఉంటే ఆగిపోవాలి, కోడ్ చూపించాలి అని. అంటే ఆ రోజు ఓవెన్ ఆగిపోవడం ఎవరో చేసిన తప్పుకి గుర్తు కాదు. యంత్రం తన జాగ్రత్త తాను పడింది. బోర్డు సరిగ్గా పనిచేస్తోందనడానికి కూడా ఆ కోడే చాలావరకు సాక్ష్యం. అలాంటి బోర్డునే మార్చాలని ఎస్టిమేటు!

ఆ అమ్మాయి ముందు ప్లగ్గు పీకింది. పై డొప్ప విప్పాక, దేన్నీ ముట్టుకోకముందే కెపాసిటర్‌లో నిలిచి ఉండే కరెంటుని తీసేసింది (దీని గురించి కింద మళ్లీ రాస్తాను). బోర్డు దగ్గర థర్మిస్టర్ తీగల కనెక్టరు ఊడదీసి మల్టీమీటరు పెట్టింది. ‘ఓఎల్’ అని చూపించింది, అంటే దారి తెగిపోయిందని. ఎస్టిమేటు రాసినాయన బహుశా ఇక్కడిదాకా కూడా రాలేదు. అమ్మాయి ఇక్కడ ఆగలేదు. మీటరు ముల్లుల్ని నేరుగా థర్మిస్టర్ కాళ్ల దగ్గర పెట్టింది. చక్కగా అంకె వచ్చింది. రెండు వేళ్లతో ఆ గొట్టాన్ని పట్టుకుంటే, ఒంటి వెచ్చదనానికే అంకె నెమ్మదిగా దిగడం మొదలైంది. అంటే సెన్సర్ బాగానే ఉంది. బోర్డూ బాగానే ఉంది. తెగింది మధ్యలో. కనెక్టరులో ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి, తీగ దగ్గర విరిగిపోయి ఉంది.

చిలుము ఎలా పట్టింది? ఓవెన్‌ని కొత్త మాడ్యులర్ వంటగదిలో సరిగ్గా దాని కొలతకే చేయించిన చెక్క అరలో దూర్చారు. పక్కన వేలు దూరేంత సందు లేదు. ఆవిరి బయటికిపోయే చిల్లులు గోడకి ఆనుకుని ఉన్నాయి. ఏడాదిన్నరగా ఆ తేమంతా వెనక్కే తిరిగి, చల్లబడి, లోపల చేరింది. ఆ అర గీసినవాళ్లు, కోసినవాళ్లు, డబ్బులిచ్చినవాళ్లు ఎవరూ ఓవెన్ వాడినవాళ్లు కారు. కొత్త పిన్ను ఖరీదు పది రూపాయలు కూడా ఉండదు. ఓవెన్ పనిచేసింది. అప్పటికి పట్టుకున్న వెయ్యి రూపాయలు ఇంటావిడ తిరిగి ఇచ్చేసింది. ‘తడిచెయ్యి’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికునికి ఇలా జరిగితే? వస్తువు పాడైందని జీతం కోయాలంటే, అది నేరుగా ఆ కార్మికుని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోతకి ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఈ సూత్రం బ్రిటిష్‌వాళ్ల కాలంలో, 1936లో చేసిన వేతన చెల్లింపు చట్టంలోనే ఉంది. తర్వాత వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఈ సూత్రం ఇంటి గడప దాటి లోపలికి మాత్రం రాలేదు. ఇంటిపనిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో కనీస వేతనాల పరిధిలోకి తెచ్చుకున్నాం. ఇంటిపని కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందాన్ని చేసింది, మన దేశం దాన్ని ఆమోదించలేదు. కాగితం మీద లేని సంజాయిషీ హక్కుని మనం వాడుకలోనైనా తెచ్చుకోవాలంటే, సంజాయిషీలో చెప్పడానికి ఏదో ఒకటి తెలిసి ఉండాలి కదా. ‘నేను చెయ్యలేదమ్మా’ అన్నది సంజాయిషీగా ఎవరూ తీసుకోరు. ‘కనెక్టరులో చిలుము పట్టింది, చూడండి’ అన్నది తీసుకుంటారు.

ఓవెన్లలో మరో సెన్సర్ ఉంటుంది, ఆవిరిని పసిగట్టేది. ఆహారం వేడెక్కి ఆవిరి వదలడం మొదలుపెట్టగానే, గాలి బయటికిపోయే దారిలో ఉన్న ఈ సెన్సర్ గుర్తిస్తుంది. అక్కణ్ణుంచి ఇంకెంతసేపు పెట్టాలో బోర్డు లెక్కవేసుకుంటుంది. మనం టైము చెప్పక్కర్లేదు. ఈ సెన్సర్ వల్ల వచ్చే తగాదాలు ఎక్కువగా ‘ఉడకలేదు’, ‘ఎండిపోయింది’ అనే రూపంలో ఉంటాయి. అంటే యంత్రం మీదకి కాక వండిన మనిషి మీదకి వస్తాయి. ముందు వండిన దాని తేమ లోపలుంటే, గిన్నె బయట నీటి చుక్కలుంటే, సెన్సర్ ఆ ఆవిరినే చూసి ‘అయిపోయింది’ అనుకుని తొందరగా ఆపేస్తుంది. గిన్నె మూత బిగుతుగా ఉంటే ఆవిరి బయటికే రాదు, ఓవెన్ ఎంతకీ ఆగక కూర ఎండిపోతుంది. బయటికిపోయే దారిలో జిడ్డు పేరుకున్నా అంతే. ఆవిరి కనిపెట్టి అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలయ్యేదాకా తలుపు తెరవకూడదు. ఇవి ఏ విప్పుడూ అవసరం లేని పరీక్షలు. తుడిచి, మూత కాస్త వదులు చేసి, ఓవెన్ చల్లారాక మళ్లీ పెట్టి చూస్తే చాలాసార్లు ‘పోయిన’ సెన్సర్ తిరిగొస్తుంది.

అసలు తమాషా ఏమంటే, ‘ఆటో కుక్’ అని పేనల్ మీద రాసిన ప్రతి ఓవెన్‌లోనూ ఆవిరి సెన్సర్ ఉండదు. మన దగ్గర అమ్మే చాలా మోడళ్లలో బరువుకింత సమయం అని ముందే రాసి పెట్టిన పట్టిక మాత్రమే ఉంటుంది. ఉప్మా, పులావు అని బొమ్మలు వేసి, లోపల ఉన్నది గడియారమే. లేని సెన్సర్ ‘పోయింది’ అని డబ్బు తీసుకున్న ఉదంతం కూడా మా సంఘంలో విన్నాను.

సెన్సర్ సంగతా, లేక అసలు వేడి పుట్టించే మాగ్నెట్రాన్ సంగతా అని తేల్చుకోవడానికి ఒక లీటరు నీళ్లు చాలు. ఓవెన్‌లో పెట్టడానికి వీలైన గిన్నెలో లీటరు నీళ్లు పోసి, వేడి ఎంతో చూసి, మామూలు మైక్రోవేవ్ పద్ధతిలో పూర్తి శక్తితో సరిగ్గా ఒక నిమిషం పెట్టాలి. తీసి కలిపి మళ్లీ చూడాలి. పెరిగిన ప్రతి డిగ్రీ సెల్సియస్‌కి దాదాపు 70 వాట్లు లెక్క. పది డిగ్రీలు పెరిగితే 700 వాట్లు అన్నమాట. ఓవెన్ మీద రాసిన శక్తికి కాస్త దగ్గరగా వస్తే మాగ్నెట్రాన్ బాగానే ఉంది, మీరు దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇందుకు వేడి కొలిచే థర్మామీటరు ఒకటి ఉంటే చాలు, జ్వరానిది మాత్రం పనికిరాదు.

లోపల దీపం వెలుగుతూ ఓవెన్ మొదలవకపోతే, లేక కోడ్ ఏదీ లేకుండా చచ్చినట్టు పడి ఉంటే, ముందు తలుపు కొక్కేలని, వాటి వెనకాలుండే చిన్న స్విచ్చిల్ని అనుమానించాలి. సాధారణంగా మూడుంటాయి. తలుపు సరిగ్గా పడిందో లేదో చెప్పేవి ఇవే, కాబట్టి ఇవీ ఒక రకంగా సెన్సర్లే. మూడోదాని పని విచిత్రంగా ఉంటుంది. తలుపు తెరిచి ఉన్నా మిగతావి అతుక్కుపోయి కరెంటు పోతుంటే, కావాలనే షార్టు చేసి ఫ్యూజు కాల్చేస్తుంది, లోపలి కిరణాలు మన మీదకి రాకుండా. వీటిని తీగముక్కతో కలిపేసి ‘నడుస్తోంది’ అని ఇచ్చి వెళ్లే మెకానిక్‌లున్నారు. ఇది నేరంగా చూడాల్సిన పని. ఓవెన్ నడుస్తుండగా తలుపు లాగితే ఆ క్షణమే ఆగాలి. ఆగకపోతే ప్లగ్గు పీకేసి ఇక ముట్టుకోకండి.

ఇక కెపాసిటర్ మాట. దీని విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మైక్రోవేవ్ లోపల వేల వోల్టుల కరెంటుంటుంది. చాలా ఓవెన్లలో ఆ కెపాసిటర్ మీదే 2100 వోల్టులు అని రాసి ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా అది ప్రాణం తీసేంత కరెంటుని పట్టుకుని ఉండొచ్చు. మిక్సీ విప్పినట్టు ఓవెన్‌ని విప్పకూడదు. నేర్చుకున్నవాళ్లే, సరైన పనిముట్టుతో దాన్ని ఖాళీ చేశాకే మిగతా పని. కాబట్టి ఈ వ్యాసం చదివి స్క్రూడ్రైవరు పట్టుకోవద్దు. ప్రమాదం ఎంత ఉందో చెప్పడం వేరు, ప్రమాదం పేరు చెప్పి ఏ సంగతీ చెప్పకుండా ఉండటం వేరు. మనకి ఎప్పుడూ జరిగేది రెండోదే. ‘మీకెందుకమ్మా, షాకు కొడుతుంది’ అంటారు. అదే ఓవెన్ పక్కనే నిలబడి, ఎర్త్ లేని ప్లగ్గులో పెట్టి, తడిచేత్తో రోజూ వాడుతున్నప్పుడు ఆ షాకు గురించి ఎవరూ మాట్లాడరు.

ఈ పనివిభజన కేవలం మన దేశపు అలవాటు కాదు. మైక్రోవేవ్ పుట్టిందే యుద్ధంలోంచి. రాడార్ల కోసం మాగ్నెట్రాన్లు చేస్తున్న అమెరికన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు 1945 ప్రాంతంలో అది ఆహారాన్ని వేడి చేయగలదని గుర్తించాడు. 1947లో అమ్మకానికి వచ్చిన మొదటిది మనిషంత ఎత్తు, మూడు వందల కిలోల పైచిలుకు బరువు. వంటింటి గట్టు మీద పట్టే ఓవెన్ అమెరికాలో 1967లో, 495 డాలర్ల ధరకి వచ్చింది. బ్రిటన్‌లో సింథియా కాక్‌బర్న్, సుసాన్ ఆర్మ్‌రాడ్ అనే ఇద్దరు స్త్రీవాద పరిశోధకులు ఈ ఓవెన్ వెంట డిజైను గది నుంచి ఫ్యాక్టరీకీ, దుకాణానికీ, ఇంటికీ తిరిగి 1993లో ‘జెండర్ అండ్ టెక్నాలజీ ఇన్ ది మేకింగ్’ అనే పుస్తకం రాశారు. డిజైను చేసే ఇంజనీర్లంతా మగవాళ్లు. అందులో వండి, రుచి చూసి, ఎన్ని నిమిషాలో తేల్చే హోమ్ ఎకనామిస్టులు స్త్రీలు. ఆ ఎన్ని నిమిషాలన్నదే యంత్రం బుర్ర. అయినా వాళ్ల పనిని వంట అన్నారు, ఇంజనీరింగ్ అనలేదు. ఇంకో సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. దుకాణాల్లో మొదట్లో ఈ ఓవెన్‌ని మ్యూజిక్ సిస్టంలు, వీడియోల పక్కన, కొత్త వింతగా పెట్టేవారు. తర్వాత తర్వాత వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌ల వరసలోకి జరిపారు. యంత్రం అదే, మగవాళ్ల వరసలోంచి ఆడవాళ్ల వరసలోకి వచ్చింది.

చట్టం సంగతికి వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘వినియోగదారు’ ఎవరో చెబుతూ, కొన్న మనిషే కాక ఆ వస్తువుని వాడే మనిషి కూడా వినియోగదారేనంటుంది. బిల్లు భర్త పేరున ఉన్నా భార్య ఫిర్యాదు చేయొచ్చు. మంచిదే. కానీ ఆ వాక్యంలో ఒక షరతుంది, కొన్నవాళ్ల ఆమోదంతో వాడుతూ ఉండాలి అని. ఎవరు రాశారో గానీ, వంటింటి సంబంధాలన్నీ ఆ ఒక్క మాటలో పెట్టేశారు! ఆమె హక్కు ఆయన ఆమోదం మీద నిలబడింది. సరే, ఉన్నంతలో దాన్ని వాడుకుందాం. ఫిర్యాదుని మనం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, వినియోగదారుల సహాయానికి 1915 నంబరుంది.

ఫిర్యాదులో ఏం రాయాలన్నది మళ్లీ సమాచారం దగ్గరికే వస్తుంది. కోడ్ అంటే ఏమిటో, థర్మిస్టర్ ఎన్ని ఓమ్‌లుండాలో కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. కొన్నవాళ్లకిచ్చే పుస్తకంలో వంటకాలుంటాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2023లో ఒక చట్టం చేశారు, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. 100 డాలర్లు, ఆపైన ధర ఉన్న గృహోపకరణాలకి, మైక్రోవేవ్‌తో సహా, ఆ మోడల్ తయారీ ఆపేశాక ఏడేళ్లపాటు విడిభాగాలు, పనిముట్లు, మరమ్మతు సమాచారం యజమానులకూ బయటి మెకానిక్‌లకూ అందుబాటులో ఉంచాలి. అదే 2024లో యూరోపియన్ యూనియన్ మరమ్మతు హక్కు మీద చట్టం తెచ్చినప్పుడు వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, వాక్యూమ్ క్లీనర్లు, సెల్‌ఫోన్లు జాబితాలో పెట్టింది గానీ మైక్రోవేవ్‌ని పెట్టలేదు. మన కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు గురించి 2022 జూలైలో ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది. కంపెనీలు ఇష్టపడి పెట్టిన సమాచారం అందులో ఉంటుంది. ఇష్టం మీద నడిచేదాన్ని హక్కు అనలేం.

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన ఒక మిత్రురాలు మంచి ప్రశ్న అడిగింది. “వండటం, తోమటం, ఉతకటం మనమే చేస్తున్నాం, ఇక రిపేరు కూడా నేర్చుకుంటే అదీ మన నెత్తినే పడదా?” అని. పడే ప్రమాదం ఉంది. ఇంటికి యంత్రాలొచ్చాక స్త్రీల పని తగ్గలేదని, మగవాళ్లూ పిల్లలూ చేసే పనులు కూడా ఆమె మీదకే చేరాయని రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకంలో చూపించింది. అయితే నేను అడుగుతున్నది మరమ్మతు చాకిరీ కాదు. జీతం చీటీ చదవడం వచ్చినంతమాత్రాన మనం అకౌంటెంట్లం అయిపోం, కానీ మోసపోకుండా ఉంటాం. రోగ నిర్ధారణ మన చేతిలో ఉండి, మరమ్మతు డబ్బు తీసుకుని చేసేవాళ్లు చేయాలి. ఆ చేసేవాళ్లలో స్త్రీలు ఉండాలంటే అది జీతం వచ్చే వృత్తిగా ఉండాలి, ఇంటి పనికి తోకగా కాదు.

ఇది అసాధ్యమేమీ కాదు. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల మొదట్లో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద చదువురాని దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపులు బాగుచేయడం నేర్చుకున్నారు. బావి దగ్గరికే రానివ్వని చోట వాళ్లు పానాలు పట్టుకుని పంపులు విప్పారు. నీళ్లు మోసేది వాళ్లే కాబట్టి పంపు ఎలా మూలిగితే లోపల ఏది అరిగిందో వాళ్లకి ముందే తెలుసు. మీట నొక్కే మనిషికి ఓవెన్ విషయంలోనూ అంతే. కూత మారింది, గాలి రావటం లేదు, రెండో నిమిషానికే ఆగుతోంది అని ముందు గమనించేది ఆమే. ఏ మెకానిక్ అయినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఆమెనే అడగాలి.

మన సంస్థల శిక్షణ జాబితాలు చూడండి. కుట్లు, పచ్చళ్లు, అప్పడాలు, బ్యూటీషియన్ కోర్సు. ముప్పయ్యేళ్లుగా అవే. మూడు నాలుగు వందలకి మల్టీమీటరు దొరుకుతోంది. దాంతో ఫ్యూజు, థర్మిస్టర్, స్విచ్చి చూడటం, ఎర్త్ ఉందో లేదో చూడటం వారం రోజుల్లో నేర్పొచ్చు, ముందు పాడైపోయి పక్కన పడేసిన భాగాల మీద, కరెంటు లేకుండా. ఓవెన్ విప్పడం తర్వాత, ఇష్టమున్నవాళ్లకి, ఎక్కువకాలం, నేర్పరి సమక్షంలో. నిధులిచ్చే సంస్థలు దీన్ని ‘సాంప్రదాయేతర ఉపాధి’ అనే గడిలో రాసుకుంటాయేమో, రాసుకోనివ్వండి.

మా సంఘం ఈ మధ్య ఒక కాగితం తయారుచేసింది. పనిలో చేరేటప్పుడే ఆ ఇంట్లో తాను వాడాల్సిన యంత్రాలేవో, ఏ స్థితిలో ఉన్నాయో రాసుకుంటారు. ఏదైనా ఆగిపోతే ఏ కోడ్ వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నది ఆ రోజే రాస్తారు. మెకానిక్ ఏ భాగం పోయిందో, మీటరు ఎంత చూపించిందో రాసి సంతకం పెట్టాలి, తీసిన పాత భాగం ఇంట్లోనే వదిలివెళ్లాలి. అది జరిగేదాకా జీతంలో కోత ఉండకూడదు. కింద ఇంటివాళ్ల సంతకం, ఆమె సంతకం. ఇప్పటికి పదకొండు ఇళ్లలో సంతకాలయ్యాయి. నాలుగు ఇళ్లవాళ్లు ‘మా మీద నమ్మకం లేదా?’ అని కాగితం తిప్పి పంపారు. ఆ నాలుగిళ్ల సంగతి వచ్చే నెల సమావేశంలో చర్చకి పెట్టాం.